సన్నక్క పాడుచేసిన నాలుగు ఎముకలు

మా ప్రయోగశాలలో ఎలుకల ఎముకలు కోసేది సన్నక్క. మనిషి సన్నం కాదు, గుమ్మంలో ఎదురైతే మనమే పక్కకు తప్పుకోవాలి. ఎముకను వెంట్రుక కన్నా సన్నగా కోస్తుందని ఆ పేరు. పదేళ్లలో ఆమె చేతిలో ఒక్క ముక్క చెడింది లేదు.

ఏడు నెలల పాపను తన తల్లి దగ్గర వదిలి పనిలోకి వచ్చాక సన్నక్కకు కంగారు పట్టుకుంది. ఎముకను మందులో నానబెట్టి, మెత్తబడ్డాక కోయాలి. వేళ దాటితే పాడవుతుంది. ఆమేమో మధ్యలో రెండుసార్లు స్టోరు గదిలో దాక్కుని, పాపకోసం పాలు పిండి సీసాలో పట్టుకోవాలి.

ఒకరోజు మైక్రోస్కోపులో చూస్తూనే ఆమె ముఖం పాలిపోయింది. ఎముకలో కణాలు కూర్చునే చిన్న చిన్న గూళ్లుంటాయి. పన్నెండు ఎముకల్లో నాలుగింట ఆ గూళ్లు బాగా వెడల్పయ్యాయి.

"ఎక్కువ నానిపోయాయి. నేను లోపల పాలు పిండుకుంటూ కూర్చున్నా కదా," అంది. "రేపట్నుంచి పాపకి పాలు మాన్పించేస్తా. రెండూ నావల్ల కాదు."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. నిజంగా చెడ్డాయో లేదో తేల్చమని చెయ్యి పట్టుకుని పెద్దసారు దగ్గరికి లాక్కెళ్లాను. ఏ ఎముక ఏ ఎలుకదో ఆయనొక్కడికే తెలుసు, మాకు ఇచ్చేది అంకెలే. ఆయన సొరుగులోంచి పుస్తకం తీసి చూశాడు.

"పన్నెండూ ఒకే గిన్నెలో నానితే నాలుగే ఎలా చెడతాయమ్మా?"

నాకూ ఆ ముక్క తట్టనందుకు సిగ్గేసింది.

"ఇవి పిల్లలకి పాలిస్తున్న ఎలుకలవి. పాలకి కాల్షియం కావాలి కదా, ఎముకలోని కణాలే తమ చుట్టూ ఉన్న గోడని కాస్త కరిగించి ఇస్తాయి. మనం వెతుకుతున్నది ఇదే."

"మరి ఆ గోడలు?" అడిగింది సన్నక్క.

"మిగతా ఎనిమిదిలో ఈ నాలుగూ చూడు, పిల్లలు పాలు మానేశాక తీసినవి. ఆ కణాలే మళ్లీ పూడ్చుకున్నాయి."

సన్నక్క స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. పాపం, నెలరోజులుగా ఎంత దిగమింగుకుందో. మేమెవరం ఆపలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని గడియారం చూసి లేచింది.

"పాలు పిండుకోవడానికి వెళ్తున్నా సార్. ఇరవై నిమిషాలు పడుతుంది," అని అందరికీ వినపడేలా చెప్పి వెళ్లింది.