గేట్ మీటింగ్‌లో ఎండవైపు నిలబడే రజిత

నిన్న పొద్దున ఫోన్ తెరవగానే మా బ్యాచ్ గ్రూప్‌లో రజిత ఫొటో.

మళ్ళీ ఏదో అవార్డు వచ్చినట్టుంది అనుకున్నాను.

ఎప్పటిలాగే కడుపులో మంట. ఫోన్ బోర్లించి, స్టవ్ మీద టీ పెట్టాను. కంగ్రాట్స్ చెప్పకపోతే బాగుండదని మళ్ళీ తెరిస్తే, ఫొటో కింద అందరూ దండాలు పెడుతున్నారు.

అప్పుడు చదివాను.

జ్వరమని తెలుసు. డెంగ్యూ అని తెలియదు. జ్వరంతోనే నాలుగైదు రోజులు డ్యూటీకి వచ్చిందట. తెల్లవారుజామున ఖమ్మం దవాఖానాలో పోయింది.

టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

రజిత తెలియని నా ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. బస్సు డిపోలో ట్రైనీలుగా ఇద్దరం ఒకేరోజు చేరాం. హాస్టల్‌లో ఒకే రూమ్. పరీక్షల్లో నేను ఫస్ట్. తను ఎక్కడో మధ్యలో. భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఆ డిపో కావాలని మొదటి ఆప్షన్ పెట్టింది నేను. అక్కడికి మేనేజర్‌గా వెళ్ళింది తను. నేను ఖమ్మంలో అసిస్టెంట్ మేనేజర్‌గా ఉండిపోయాను.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. మనుషులతో పని చేయించడం కూడా పుస్తకంలోనే నేర్చుకోవాలనుకున్నాను. మేనేజ్‌మెంట్ పుస్తకాలు అండర్‌లైన్ చేసుకుంటూ చదివాను.

రజిత వాళ్ళ నాన్న సత్తుపల్లి బొగ్గు గనిలో కార్మికుడు. గని గేటు దగ్గర జరిగే మీటింగులకు ఆయన భుజమెక్కి వెళ్ళేదట. నేను అండర్‌లైన్ చేసుకున్నదంతా తను ఊరికే ఆడుకుంటూ నేర్చుకుంది.

ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించేది.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో లీడర్‌షిప్ ట్రైనింగ్‌కు మా రీజియన్ నుంచి ఒక్కరికే సీటు. నేనూ అడిగాను. తననే పంపారు. తిరిగి వచ్చిన రోజే ఫోన్ చేసింది.

"అంతా ఇంగ్లీషులనే చెప్పిన్రే. సగం సమజ్ కాలే. నువ్వు పోతే మంచిగుండు."

అవును, నేను పోతేనే మంచిగుండు అనుకున్నాను. ఆ మాట తనే అనేసింది కాబట్టి, కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు మిగల్లేదు.

పోనీ, తను తప్పు చేయదా అంటే, చేసింది. పెద్ద తప్పే.

శ్రీరామనవమికి భద్రాచలం స్పెషల్స్ నడపాలి. పై నుంచి ప్రెషర్. ఉన్న బస్సులు చాలవు. నవమి రోజు అందరూ భద్రాద్రికే పోతారులే అని, అడవి ఊళ్ళకు తిరిగే ఒక్క బస్సునూ స్పెషల్‌కు మళ్ళించింది. ఆ రోజు వారపు సంత కూడా ఉందని చూసుకోలేదు. సంతకు వచ్చిన ఆడవాళ్ళు నెత్తిన మూటలతో ఎండలో నడిచి ఇళ్ళకు చేరారు.

మర్నాడు ఆ బస్సు కండక్టర్‌కు ఊరూరా తిట్లు. పైనుంచి సంజాయిషీ అడిగారు. ఇలాంటప్పుడు కింద ఎవరో ఒకరి పేరు రాసి పంపడం మా దగ్గర మామూలే.

రజిత డిపో గేట్ మీటింగ్‌లో అందరి ముందూ చెప్పింది. "బస్సు తీసింది నేను. తిట్లు ఈయనెందుకు పడాలె?"

చెప్పి అదే బస్సు ఎక్కింది. ప్రతి ఊళ్ళోనూ దిగింది. ఒక ముసలమ్మ తన చెయ్యి పట్టుకుని అడిగిందట. "రాములోరి పెండ్లికి మా బస్సును కట్నం సదివిచ్చినవా బిడ్డా?"

ఆ మాటను రజిత ఆమె గొంతుతోనే చెప్పి నవ్వించేది. డిపో అంతా ఆ మాటే. తప్పు చేసి మరీ పేరు తెచ్చుకుంది.

నా చేతిలో ఒక్క బస్సూ తప్పలేదు. అందుకేనేమో, నా గురించి ఎవరూ ఏ కథా చెప్పుకోరు.

నిన్న సాయంత్రం సత్తుపల్లిలో అంత్యక్రియలు. డ్యూటీ దిగిన డ్రైవర్లు ఖాకీ చొక్కాలతోనే వచ్చారు. నేను పోతే ఇంతమంది వస్తారా అని, అక్కడ నిలబడి కూడా లెక్క వేసుకున్నాను.

అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. రేపటి నుంచి ఆ డిపో ఇన్‌ఛార్జి నేనేనట.

ఇన్నేళ్ళుగా నేను అడిగిన డిపో.

ఇవాళ పొద్దున వెళ్ళాను. డ్యూటీకి ముందు డ్రైవర్లతో, కండక్టర్లతో గేటు దగ్గర మాట్లాడాలి. ఎక్కడైనా మేనేజర్ వరండా నీడలో ఉంటాడు, స్టాఫ్ ఎండలో ఉంటారు. ఇక్కడ అందరూ గ్యారేజీ షెడ్డు నీడలో నిలబడి ఉన్నారు. ఎదురుగా ఎండలో, ఒక మనిషికి సరిపడా చోటు వదిలారు.

నేను వరండా వైపు నడవబోయాను. వెంకన్న అనే పెద్ద డ్రైవర్ మెల్లగా అన్నాడు.

"మేడం, మీ జాగ అది."

"ఎండ ఉంది కదన్నా."

"అవ్ మేడం. రజిత మేడం వచ్చినకాడి నుంచి గట్లనే. 'మీరు బండి నడపాలె, మీకు నీడ గావాలె' అని మాతోని అంటుండె."

వెళ్ళి నిలబడ్డాను.

ఎండ సూటిగా కళ్ళలో పడింది. ఎదురుగా ఎవరి ముఖమూ కనిపించలేదు. వాళ్ళకు మాత్రం నా ముఖం మొత్తం కనిపిస్తోంది. ఏ పుస్తకంలోనూ ఇది లేదు. రాసుకొచ్చిన స్పీచ్ కాగితం మడిచేశాను.

"అడవి బస్సు బయల్దేరిందా?" అని మాత్రం అడిగాను.

"పోయింది మేడం." నీడలోంచి ఎవరిదో గొంతు.

రజితా, నీ కుర్చీ ఇచ్చారు. నీ డిపో ఇచ్చారు. ఇవాళ కూడా వాళ్ళు నిలబడింది నీ ఎదురుగానే. నువ్వు లేవు, అయినా నాకు కుళ్ళుగానే ఉందే.

రేపు కూడా అక్కడే నిలబడతాను.

వెళ్ళిరా. ఇన్నాళ్ళూ ఎండలో నిలబడ్డావు. ఇక నీకు చల్లటి నీడ దొరకాలి.