ఊపిరి చివర ఈల

స్టూడియోలో అందరూ ఆవిణ్ణి పాముచెవులావిడ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా నవ్వేసి ఊరుకుంటుంది. పుస్తకాలు చదివించి రికార్డు చేసే చిన్న స్టూడియో అది. చదివేవాళ్లు గాజు తలుపుకి అవతల కూర్చుని చదువుతారు, ఆవిడ ఇవతల కూర్చుని వింటుంది. కుర్చీ కిర్రుమన్నా, పేజీ గరగరలాడినా, వాక్యాల మధ్య ఊపిరి గట్టిగా వినబడినా అక్కడికక్కడ కత్తిరించి పారేస్తుంది. చదివేవాళ్లలో ఆవిడ సొంత అక్క కూడా ఉంది. అక్క గొంతంటే అందరికీ ఇష్టం. అక్కకి కొంచెం ఎక్కువ ఇష్టం.

ఒక సోమవారం యజమాని రెండు పెట్టెలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. "ప్లేనర్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్స్ అమ్మా. పల్చటి పొరని అయస్కాంతాల మధ్య బిగిస్తారట, ఆ పొర మొత్తం కదిలి శబ్దం చేస్తుందట. షాపువాళ్లు వారం వాడి చూడమన్నారు. ఒక్క జతే కొనగలను. మీ చెవులు ఏది చెబితే అది."

మొదటిది నల్లది. గుడ్డతో కుట్టిన మెత్తటి దిండ్లు. పెట్టుకున్న కాసేపటికే తల మీద ఏదో ఉందన్న సంగతి మర్చిపోయింది. కళ్లజోడు కాడలు కూడా నొక్కుకోలేదు. గొంతులు నిండుగా, నున్నగా వినిపించాయి. జలుబు చేసి చదివినవాడు కూడా ఆరోగ్యంగా ఉన్నట్టే ఉన్నాడు. రెండోది చెక్కది, పెద్ద బరువు. నడినెత్తి మీద పట్టీ దిగబడింది, తోలు దిండ్ల కింద చెవులు చెమర్చాయి, మధ్యాహ్నానికల్లా మెడ పట్టేసింది. కానీ శబ్దం మాత్రం వేరే. మధ్యలో గాజు తలుపు తీసేసి, మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టుంది. పెదవులు విడివడే తడి చప్పుడు కూడా దాగలేదు.

పోల్చి చూడ్డానికి కత్తిరింపులు లేని అసలు రికార్డింగే మేలని, చెక్కదానిలో అక్క కిందటి నెలలో చదివిన నవల పెట్టుకుంది. రెండు పేజీలు విన్నాక చెయ్యి ఆగిపోయింది. అక్క ఊపిరి పీల్చినప్పుడల్లా, ఆ పీల్పు చివర సన్నటి ఈల. సరిగా మూయని కిటికీ సందులోంచి గాలి దూరినట్టు.

హెడ్‌ఫోన్స్ లోపమేమో అనుకుంది. వైరు ఊడదీసి మళ్లీ గుచ్చింది. ఒక రిటైరైన టీచరు చదివిన రికార్డింగ్ పెట్టింది. ఈల లేదు. అక్కదే మళ్లీ పెట్టింది. ఉంది. నల్లదానిలో విన్నప్పుడు లేనట్టే అనిపించింది, కానీ ఎక్కడ వినాలో తెలిసిపోయాక అందులోనూ అడుగున వినబడసాగింది. అక్క పాత రికార్డింగులు ఒక్కొక్కటే వెనక్కి తవ్వుకుంటూ పోయింది. నిరుడు చదివినవాటిలో ఊపిరి శుభ్రంగా ఉంది. ఈ ఏడాదివాటిలో ఈల మొదలై, పుస్తకం పుస్తకానికీ పెరుగుతూ వచ్చింది. ఆ ఊపిరులన్నీ ఆవిడ తన చేత్తోనే కోసి పారేసింది. కోసేముందు ఒక్కటీ చెవి పెట్టి విన్న పాపాన పోలేదు.

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది.

"ఆయాసంగా ఉంటోందా అక్కా?"

"వయసొచ్చాక ఆయాసం కాక పరుగులొస్తాయా? ఏంటే కొత్తగా?"

"నీ ఊపిరిలో ఈల వినబడుతోంది."

"నీకు గోడ మీద చీమ దగ్గినా వినబడుతుంది. అన్నం తిని పడుకో."

ఆవిడకి అన్నమూ దిగలేదు, నిద్రా పట్టలేదు. మర్నాడు యజమాని, "తేలిందా అమ్మా?" అని అడిగితే, "ఇంకా లేదండీ" అని తల తిప్పేసుకుంది. ఎవరు పక్కకొచ్చి మాట్లాడినా మాట వదిలేసి వాళ్ల ఊపిరే వింటోంది. ఒకవేళ ఏమీ లేకపోతే అక్కని ఊరికే బెదరగొట్టినదాన్నవుతానని ఒక భయం. ఉంటే, ఇంత ఆలస్యం చేశానే అని ఇంకో భయం.

బుధవారం అక్క రికార్డింగుకి వచ్చింది. చెల్లెలు ఏమీ అనకుండా కుర్చీలో కూర్చోబెట్టి, చెక్క హెడ్‌ఫోన్స్ తల మీద పెట్టింది. ముందు నిరుడు చదివింది వినిపించింది, తర్వాత కిందటి నెలది. అక్క మొదట తన గొంతుకి తనే మురిసిపోతూ తలాడించింది. తర్వాత తలాడించడం మానేసింది. కాసేపటికి హెడ్‌ఫోన్స్ తీసి, చెదిరిన జుట్టు సర్దుకుంది.

"బరువుగా ఉన్నాయే ఇవి" అంది.

"అక్కా."

అక్క గాజు తలుపు వైపు చూస్తూ అంది, "మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నా. మీ బావకి అనుమానం రాకుండా ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్నా. ఎన్నాళ్లనుంచో అడక్కు."

ఆ రోజు రికార్డింగ్ మానేసి ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. బావ ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. బావకి కంగారు పుడితే నోరు ఆగదు. లిఫ్టు ఎంత నెమ్మదో, బండి ఎక్కడ పెట్టాడో, వరండాలో కుర్చీలు ఎంత ఇరుకో చెబుతూనే ఉన్నాడు. మరదలు ఊఁ కొడుతూ, మూసిన తలుపు వైపే చెవి పెట్టి కూర్చుంది.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసి, వాళ్లని లోపలికి పిలిచింది. "ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. గొంతు కింద గాలి గొట్టం ఒకచోట సన్నబడింది. కారణం ఒక్కోసారి తెలియదు. ఇంకా బిగుసుకోకముందే వచ్చారు, నయం. మత్తిచ్చి లోపలినుంచే వెడల్పు చేస్తాం."

"గొంతు మారుతుందా?" అని అడిగింది అక్క.

"మారకపోవచ్చు. మారదని మాత్రం రాసివ్వలేను."

అక్క చికిత్సకి రోజు రాయించుకుని లేచింది.

వారం చివర యజమాని మళ్లీ అడిగాడు. ఈసారి ఆవిడ తడుముకోలేదు. "రోజంతా పెట్టుకోడానికి నల్లదే హాయి సార్. దానిలో అంతా బాగున్నట్టే వినబడుతుంది, అదే దాంతో చిక్కు. మెడ నొప్పి పెట్టినా చెక్కదే కొనండి."

"మెడ నొప్పంటున్నారుగా?"

"మధ్యమధ్యలో తీసి పెడతాను. మెడ సంగతి నేను చూసుకుంటా."

అక్కకి చికిత్స అనుకున్నట్టే జరిగింది. కానీ కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు. ఊరికే మాట్లాడే మనిషికి అది పెద్ద శిక్ష. బావని పిలవాలంటే చప్పట్లు, కోపమొస్తే గిన్నెల చప్పుడు. నోరు తెరవొచ్చన్న రోజు మొదటి మాట బొంగురుగా వచ్చింది. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బొంగురు నెమ్మదిగా తగ్గింది గానీ, గొంతు పాతదానికన్నా ఒక మెట్టు కిందే నిలిచిపోయింది. యజమాని విని, "ముసలి పాత్రలకి ఇంకా బాగుంటుందమ్మా" అన్నాడు. ఆ మాటకి అక్క రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత ఓ పెద్ద నవల ఒప్పుకుంది.

గొట్టం మళ్లీ సన్నబడొచ్చని, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది. చెల్లెలికి ఆ ముక్క చాలు. ఇప్పుడు ఎవరి ఊపిరీ వినకుండా కత్తిరించదు. మధ్యాహ్నం అక్కచెల్లెళ్లిద్దరూ స్టూడియో వెనక గదిలో డబ్బాలు విప్పుకుని తింటారు. తన కోడలి గురించి అక్క కథలు కథలుగా చెబుతుంటే, చెల్లెలు ముద్ద చేతిలో పట్టుకుని తల ఒక పక్కకి వంచి ఉండిపోతుంది.

"నేనేం చెప్పానో చెప్పు చూద్దాం" అంటుంది అక్క.

చెల్లెలికి ఒక్క ముక్కా గుర్తుండదు. అక్క విసుక్కుంటూ కథ మళ్లీ మొదటినుంచి అందుకుంటుంది.