ఒక దెబ్బ ఆలస్యంగా

నా చిన్నప్పుడు ఒడియా పిల్లకు బతుకమ్మ పాట నేర్పి పెద్ద మనసు చాటుకున్నానని సూరత్‌లో మా గల్లీవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పెద్ద మనసా, పాడా! ఆ పిల్లంటే నాకు ఒళ్లు మంట.

మా నాయనా, వాళ్ల నాయనా ఒకే చోట బట్ట నేసే సాంచాలు నడిపేవాళ్లు. పక్క వీధిలో ఒక గుజరాతీ బెన్, అంటే వాళ్ల భాషలో అక్క, సాయంత్రాలు హార్మోనియం ముందేసుకుని, ఏ భాష పిల్లలనైనా చాప మీద కూర్చోబెట్టి పాటలు నేర్పేది. సాంచాల మోతను మించే గొంతు నాది. అయినా మొదటి చరణం ఎప్పుడూ ఆ పిల్లకే.

ఆ ఏడు నవరాత్రులకు బెన్ ఒక మెలిక పెట్టింది. ఎవరింటి పాట వాళ్లు పాడకూడదు, జోడీకి నేర్పి పాడించాలి. నాకు జోడీగా ఆ పిల్లే పడింది. వాళ్లమ్మ పాడే జోలపాటను ఓపిగ్గా నాకు నేర్పింది. నేనూ మాటలు సరిగ్గానే నేర్పాను. చప్పట్లు మాత్రం కావాలనే ఒక దెబ్బ ఆలస్యంగా నేర్పాను. మా ఆడవాళ్ల ముందు అది తడబడితే మొదటి చరణం ఇక నాదే అనుకున్నాను.

సద్దుల బతుకమ్మ నాడు అందరూ పూల చుట్టూ చేరారు. అది గొంతు ఎత్తబోతుంటే, నేర్పినవాళ్లే చప్పట్లు అందించాలని బెన్ నన్ను తెచ్చి దాని పక్కన నిలబెట్టింది. నేను సరిగ్గా కొడితే చాలు, దాని పరువు పోతుంది. కానీ అది కన్నార్పకుండా నా చేతులనే చూస్తోంది. ఏమైందో, తప్పుగానే కొట్టాను.

మా అమ్మ ముఖం మాడిపోయింది. “ఏందే, పుట్టినకాడి నుంచి ఆడుతున్నవ్, చప్పట్లు గిట్లనా కొట్టేది?”

“ఇద్దరూ కలిసే కొడుతున్నారు గదా, బెన్,” అంది మా గుజరాతీ బెన్, హిందీలో, నా వంక చూడకుండా.

ఒకరి వెనక ఒకరు మా ఆడవాళ్లూ ఆ దెబ్బకే వచ్చేశారు. మా గల్లీలో ఆ పాటకు ఇప్పటికీ చప్పట్లు ఆలస్యమే. మొదటి చరణమూ దానికే ఉండిపోయింది. బెన్ నన్ను తిట్టలేదు. చిన్నపిల్లలకు తాళం నేర్పే పని మర్నాటి నుంచి నాకు అప్పజెప్పింది.

ఇప్పుడు నేనూ పిల్లలకు పాటలు నేర్పుతున్నాను. పక్కన నిలబడి చప్పట్లు కొట్టకుండా ఎవరినీ పాడమనను. ఆ జోలపాట కూడా నేర్పుతాను. ఒక్కటే తేలలేదు. నేను దానికి తప్పు నేర్పాను సరే, అది నాకు సరిగ్గానే నేర్పిందా?