నమ్మని చోట దారం

మా అత్తమ్మ పోయిన సంగతి నాకు మూడు గంటలు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు నేను కోరుట్లలో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. ఫోన్లు ఆఫీసు గదిలో అప్పగించి లోపలికి వెళ్లాలి. మధ్యాహ్నం జవాబు పత్రాలు కట్టలు కట్టి ఇచ్చి ఫోన్ తీసుకుంటే మా ఆవిడ చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. తిరిగి చేశాను. ఆవిడ ఏడవడం లేదు.

"అమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నదట. అట్లనే పోయింది. నేను జగిత్యాల నుంచి బయలెల్లిన. నువ్వు అటు నుంచి అటే రా" అంది.

రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడ బస్సు మారి సిరిసిల్ల. వేములవాడ బస్టాండులో అప్పుడే గుండ్లు చేయించుకున్న ఒక కుటుంబం సీట్ల కోసం కండక్టరుతో కొట్లాడుతోంది. వాళ్లను చూస్తూ నిలబడ్డాను. నాకు దుఃఖం వస్తోందా అని చూసుకుంటే రాలేదు. ఒకటే ఆలోచన: నా నవల నాలుగో భాగం సగం రాసి ఉంది, ఇక దాన్ని ఎవరికి పంపాలి? స్వార్థమైన ఆలోచనే. కానీ ఆమె గురించి రాస్తూ అబద్ధంతో మొదలుపెట్టలేను. అబద్ధాన్ని ఆమె మొదటి పేజీలోనే పట్టుకునేది.

నేను జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. మిగిలిన సమయంలో లేని రాజ్యాల కథలు రాస్తాను. కోటలు, కనుమలు, రెక్కల పాములు, తరతరాల యుద్ధాలు. తెలుగులో ఇలాంటివి చదివేవాళ్లు తక్కువ. నా నవలలను కొన్నవాళ్లలో ఎంతమంది చివరిదాకా చదివారో నాకు తెలియదు. ఒక్క వాక్యం కూడా వదలకుండా చదివిన మనిషి మాత్రం ఒక్కరే. ఏడో తరగతితో బడి మానేసిన మా అత్తమ్మ.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటారు. ఆ సాంచాల షెడ్డులో దారం కండెలు చుడుతూ ఆమె సగం జీవితం గడిపింది. ఆ చప్పుడు ఆమె చెవులను కొంచెం కొంచెంగా తినేసింది. నేను అల్లుడిగా వెళ్లేనాటికే ఒక చెవి పూర్తిగా పోయింది, రెండో చెవిలో అరిస్తే తప్ప వినపడేది కాదు. టీవీలో బొమ్మలు కదలడం తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. చుట్టాల మాటల్లో అందరూ నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వేది.

దానికి తోడు, అల్లుడితో ఎదురుగా మాట్లాడకపోవడం ఆమె పుట్టింటి పద్ధతి. నాతో చెప్పాల్సినవన్నీ కూతురికి చెప్పేది. నేను అదే గదిలో, రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే. వినపడని మనిషి కాబట్టి గట్టిగా చెప్పేది. "మీ ఆయనకు ఇంకింత కూర ఎయ్యి" అన్న మాట వీధి చివరి దాకా వినపడేది. నేను జవాబును పలక మీద రాసి మా ఆవిడకు ఇస్తే, ఆవిడ ఆ పలకను వాళ్లమ్మ వైపు తిప్పేది. ఇద్దరి మధ్యా మా ఆవిడ ఏళ్ల తరబడి ఇలా తిరుగుతూనే ఉంది.

మా పాప పుట్టినప్పుడు ఆమె మా ఇంట్లో మూడు నెలలు ఉంది. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి నా అలమారలోంచి అన్నిటికంటే లావు పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని ఉంది. ఎక్కడో మంచు దేశాల రాజుల కథ, తెలుగులోకి వచ్చినది. పాపను నిద్రపుచ్చుతూ ఊరికే తిప్పుతోందనుకున్నాను. మర్నాడు కూడా అదే పుస్తకం. పెదాలు కదుపుతూ, వేలు ఆనించి, చదువుతున్నది తనకు తెలియకుండానే పైకి వినిపిస్తూ. "వద్దు వద్దు, గా తలుపు తియ్యకు" అని ఒకసారి అరిస్తే వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

పన్నెండు రోజుల్లో పుస్తకం అయిపోయింది. ఆ సాయంత్రం కూతుర్ని పిలిచి మొదటి అభిప్రాయం చెప్పింది.

"మీ ఆయన్ని అడుగు. గంత ఫౌజు నెల దినాలు నడిచిందని రాసిండ్రు. వంట ఎవలు చేసిండ్రు? గుర్రాలకు గడ్డి యాడికెల్లి వచ్చింది? రాజు మీసం గురించి రెండు పేజీలున్నది. తిండి గురించి లేదు."

నేను నవ్వాను. పలక మీద "అది యుద్ధం కథ" అని రాశాను.

"యుద్ధమైతే ఆకలి కాదా?" అంది కూతురితో.

అప్పటి నుంచి జగిత్యాల వచ్చినప్పుడల్లా రెండు పుస్తకాలు సంచిలో వేసుకుని వెళ్లేది. రెక్కల పాములంటే ఆమెకు అపనమ్మకం లేదు. "ఉంటే ఉండనీ" అనేది. అది రోజుకు ఎంత తింటుందో రాయకపోతేనే కోపం. మంత్రగాళ్లనూ ఒప్పుకునేది, కానీ అన్నీ చేయగల మంత్రగాడు చివరి దాకా ఎందుకు ఊరుకున్నాడని నిలదీసేది. శాపం తగిలిన రాకుమార్తెల మీద జాలి లేదు. వాళ్ల దాసీలకు పేర్లు లేకపోతే మాత్రం తనే పేర్లు పెట్టుకునేది.

చిన్న కథలు ఆమెకు పడలేదు. ఒకసారి అదే రకం కథల సంపుటి ఇస్తే రెండు రోజుల్లో తిరిగి పంపింది. "మొదలు, ఆఖరి పేజీలు చిరిగిపోయినయనుకున్న. అన్ని కథలూ గంతే ఉన్నయి" అని మా ఆవిడతో అంది. ఆ తర్వాత చెప్పిన మాట నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. "కథల మనిషి బస్సుల పక్క సీటోని లెక్క. పేరు అడిగేలోపే దిగిపోతడు."

నా మొదటి నవల అచ్చయి వచ్చినప్పుడు ఒక ప్రతి ఆమెకు పంపడానికి నేను భయపడ్డాను. మా ఆవిడే ఇచ్చింది. నెల తర్వాత తిరిగొచ్చిన పుస్తకంలో పేజీల మధ్య అక్కడక్కడా తెల్ల దారం ముక్కలున్నాయి. గుర్తు కోసమేమో అనుకుని తీసేయబోయాను.

"తీయకు. అమ్మకు నమ్మకం కుదరని చోటల్ల దారం పెట్టింది" అంది మా ఆవిడ.

ఒక్కో దారం దగ్గర ఆగి చదువుకున్నాను. ఒకచోట రాణి పట్టాభిషేకానికి ఒక నేతగాడు తెల్లవారేలోపు పట్టుచీర నేసి తెచ్చాడని రాశాను. అక్కడ రెండు దారాలున్నాయి. తర్వాతి ఆదివారం సిరిసిల్ల వెళ్తే ఆమె నన్ను చూసీ చూడగానే కూతురితో మొదలుపెట్టింది. "ఒక్క పూటల చీర నేసేటోన్ని నాకు చూపియ్యుమను. నేను పోయి కాళ్లు మొక్కుత."

ఆ రోజు ఆమె నన్ను పాత చేనేత మగ్గం ఉన్న ఒక పెద్దాయన ఇంటికి పంపింది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చోబెట్టి, తెగిన పోగును ఎలా అతుకుతారో చూపించారు. నాకు ఆ రోజు ఒక్క పోగు అతకడం కూడా రాలేదు. రెండో భాగంలో ఆ నేతగాడికి అంశుకుడని పేరు పెట్టాను, పెళ్లాన్నీ ఒక కూతుర్నీ ఇచ్చాను, వాడు నేసే ప్రతి గుడ్డకూ పట్టాల్సినన్ని రోజులు ఇచ్చాను. ఆ పుస్తకంలో నేత గురించిన పేజీల్లో ఒక్క దారం లేదు. ఆమె వాణ్ని "అంశన్న" అనేది, వాడకట్టులో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు.

మూడో భాగంలో నేను అంశన్నను చంపాను.

శత్రువులు వెంట తరుముతుంటే రాణి కనుమ దాటాలి. అంశుకుడు తను అల్లిన తాళ్ల వంతెన మీదే నిలబడి, దానికి నిప్పంటించి, నవ్వుతూ మంటల్లో కలిసిపోతాడు. ఎనిమిది పేజీలు. నేను రాసినవాటిలో బాగా వచ్చినవి అవే అనుకున్నాను. మిత్రులు కూడా అదే అన్నారు. ఆమె నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు. నాలుగు నెలలు గడిచాయి. పుస్తకం గురించి అడిగితే మా ఆవిడ "అమ్మ పక్కన పెట్టింది. ఎందుకని అడుగకు" అంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా మామగారిని నేను చూడలేదు. ఆయన నేత కార్మికుడు. సాంచాలు నెలల తరబడి ఆగిపోయిన రోజుల్లో తన చావు తనే తెచ్చుకున్నాడు. మా ఆవిడకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఈ సంగతి నాకు పెళ్లికి ముందే తెలుసు. రాస్తున్నప్పుడు అది గుర్తుకు రాలేదంటే నిజమే చెబుతున్నాను. గుర్తుకు రాకపోవడమే నా తప్పు.

ఒక పండుగ సెలవులో సిరిసిల్ల వెళ్లాను. మా ఆవిడ బజారుకు పోయింది. నేను బయటి గదిలో పేపరు చూస్తున్నాను. అత్తమ్మ లోపలి నుంచి పుస్తకం తీసుకొచ్చి నా ముందు పెట్టింది. పక్కన కూతురు లేదు. నా ముఖంలోకి చూసి, మా పెళ్లయ్యాక మొదటిసారి నాతో మాట్లాడింది. గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది.

"మస్తు మంచిగ రాసినవ్ కొడుకా. గదే నాకు కోపం."

నేను పలక కోసం చూశాను. వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"నవ్వుకుంట పోయిండని రాసినవ్. నవ్వుకుంట ఎవలు పోరు. చావును గంత సింగారించకు. చదివినోనికి గదేదో మంచిగున్నట్టు అనిపిస్తది." పుస్తకంలో ఆ పేజీలు తీసింది. "ఎనిమిది పేజీలు మంటలు రాసినవ్. తెల్లారి ఆయన పెండ్లాం పొయ్యి అంటువెట్టిందా, లేదా? పిల్లకు జడ ఎవలేసిండ్రు? ఆమెకు నువ్వు ఒక్క లైను రాయలే."

నేను లేచి పలక తెచ్చుకుని "మార్చమంటావా అత్తమ్మా?" అని రాశాను. చదివి తల అడ్డంగా ఊపింది.

"అచ్చయింది కదా. పోయినోన్ని ఎట్ల తెస్తవ్? ఆమె గురించి రాయి."

మా ఆవిడ కూరగాయల సంచితో వచ్చేసరికి అత్తమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఏం జరిగిందో చెప్పలేకపోయాను. చాలా రోజుల తర్వాత చెబితే మా ఆవిడ నన్ను ఒకే మాట అడిగింది. "జడ సంగతి చెప్పిందా?" చెప్పిందన్నాను. "రెండు నెలలు నా జడ పక్కింటామె వేసింది. అమ్మ చేతులు లేవకపోయేవి" అంది. అంతవరకు ఆ మాట ఆవిడ నాకు చెప్పలేదు.

నవల అవతల పెట్టి ఒక కథ రాశాను. పన్నెండు పేజీలు. వంతెన కాలిన మర్నాడు అంశుకుడి భార్య ఏం చేసిందన్నదే అందులో ఉంది. యుద్ధం లేదు, పాములు లేవు. రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది, ఆ ఎనిమిది పేజీలకు రెండు రోజులు పట్టింది. కాగితాలు తీసుకెళ్లి ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆమె నవలలు చదివే వేగం నాకు తెలుసు. ఆ పన్నెండు పేజీలకు మధ్యాహ్నమంతా తీసుకుంది. ఆ రోజు పైకి చదవలేదు. పెదాలు కూడా కదపలేదు. అయ్యాక కాగితాలు సర్ది, అంచులు నేల మీద తట్టి సమానం చేసి, కూతుర్ని పిలిచింది.

"చిన్నగనే ఉన్నది. కానీ ఈమె దిగిపోలే అని చెప్పు మీ ఆయనకు."

మళ్లీ కూతురి ద్వారానే. ఆ తర్వాత ఆమె నాతో నేరుగా ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ఎదురుచూడలేదు కూడా. నా పుస్తకాల మీద వచ్చిన సమీక్షలు చదివి మర్చిపోయాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు సైన్యం కదిలే ముందు బియ్యం బండ్లు కదులుతాయి. ఎవరైనా చనిపోతే మర్నాటి పొద్దును దాటవేయను. నా రాతలో ఎవరైనా మెచ్చుకునేది ఏదన్నా ఉంటే అందులో ఎక్కువ భాగం ఆమె అడిగిన ప్రశ్నల వల్ల వచ్చింది. ఈ మాట ఆమె బతికుండగా పలక మీద రాసి చూపించలేదు.

దినాలు అయిన మర్నాడు మధ్యాహ్నం, చుట్టాలంతా వెళ్లిపోయాక, ఆమె బట్టలు సర్దుతున్నాం. ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. చివరి ఏళ్లలో షెడ్డుకు పోవడం మానేశాక అత్తమ్మ కూడా వాళ్లతో కూర్చుని బీడీలు చుట్టేది. వాళ్లలో పెద్దామె నన్ను చెయ్యి ఊపి పిలిచింది.

"సారూ, జర ఇటు రాండ్రి. రాణి కోట మళ్ల గెలుస్తదా? మీ అత్తమ్మ అక్కడ ఆపేసి పోయె."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నవ్వింది.

"రోజూ చెప్పేది కదా మీ బుక్కులల్ల కథ. చెవులు వినవాయె, గట్టిగ చెప్పేది. వాడకట్టంత వినేది."

"ఎంతదాకా చెప్పింది?" అని అడిగాను.

"వంతెన కాలిపోయింది. అంశన్న వాగుల దుంకి, నాలుగు దినాలు గడ్డివాముల దాక్కుని, అయిదో దినం ఇంటికి అచ్చిండు. పెండ్లాం మస్తు తిట్టింది. గంతదాకా చెప్పింది."

పక్కనున్న చిన్నామె అందుకుంది. "పిల్ల గుర్తువట్టలే సారూ. గడ్డం పెరిగింది కదా. మేమైతే ఏడ్సినం."

మా ఆవిడ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. మడతపెట్టిన చీర చేతిలోనే ఉంది. నన్ను చూసింది, వాళ్లను చూసింది.

"గట్లనే ఉన్నది కదా సారూ బుక్కుల?" అని పెద్దామె అడిగింది. "అండ్ల ఉన్నదే చెప్తున్న, నా సొంతం ఒక్క ముక్క లేదని ఒట్టు పెట్టేది."

"గట్లనే ఉన్నది. ఇంటికి అచ్చిండు" అన్నాను.

మా ఆవిడ వచ్చి అరుగు మీద వాళ్ల పక్కన కూర్చుంది. "ఏ వాగు? ఎటు దిక్కు దుంకిండు?" అని అడిగింది. పెద్దామె చుట్టిన బీడీలు పక్కకు జరిపి, చాటలో పలుచగా పరుచుకున్న తంబాకు పొడిలో చూపుడు వేలితో ఒక వంకర గీత గీసింది. "గిది వాగు" అంది. దానికి అడ్డంగా ఒక చిన్న గీత. "గిది వంతెన." కొంచెం అవతల వేలి కొనతో ఒక చుక్క పెట్టింది. "గిది ఇల్లు." అందరూ చాట మీదికి వంగి చూశారు. తర్వాత ఆమె అరచేత్తో ఆ పొడిని మెల్లగా దగ్గరికి కూర్చి, చిటికెడు తీసుకుని, కత్తిరించి పెట్టుకున్న ఆకులో పోసింది.