కొండ మీద మొదలైన నొప్పి

వేసవిలో సముద్రం మీద వేట ఆపేసే రోజులు ముగింపుకొస్తున్నాయనీ, బోటు మళ్లీ నీళ్లలోకి దిగేలోగా సింహాద్రి అప్పన్నను చూసి వద్దాం రమ్మనీ మా బావ అప్పలరాజు ఫోన్ చేశాడు. ఆయన మా ఆవిడకు అన్నయ్య. విశాఖ ఫిషింగ్ హార్బరులో సొంత మరబోటు ఉంది. నాది పంతులు ఉద్యోగం, ఎలాగూ బడి సెలవులే. రాజమండ్రిలో పొద్దుటి రైలెక్కాను.

తునిలో మామిడిపళ్ల బుట్టతో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన సర్దుకున్నాడు. సింహాచలం వెళ్తున్నానంటే, ఎండ ముదరకముందే కొండెక్కి దిగిపొమ్మని సలహా ఇచ్చి, అనకాపల్లిలో దిగేటప్పుడు నా చేతిలో ఒక పండు పెట్టాడు. మధ్యాహ్నానికి విశాఖ చేరాను.

బావ స్టేషనుకే వచ్చాడు. ఇంటి దగ్గర ఆయన భార్య పోలమ్మక్క పీతల కూర వండి ఉంచింది. బావ బీపీ మాత్రలు మానేశాడని భోజనాల దగ్గర నాకు ఫిర్యాదు చేసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నొప్పన్న మాట ఆ మనిషి నోట నేనెప్పుడూ వినలేదు. ఒకసారి గాలం అరచేతిలో దిగబడితే పటకారుతో తనే లాగేసుకుని, ఆ చేత్తోనే అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే పూర్ణా మార్కెట్లో పూలూ కొబ్బరికాయలూ తీసుకుని, సిటీ బస్సులో సింహాచలం కొండ కిందికి చేరాం. అక్కడినుంచి పైకి దేవస్థానం బస్సులు తిరుగుతూనే ఉంటాయి. కిటికీ పక్కన కూర్చున్న బావ బోటుకు కొత్తగా వేయించిన రంగు గురించి చెబుతున్నాడు. ఘాట్ రోడ్డు మలుపులో మాట సగంలో ఆగిపోయింది. రెండు చేతులతో ముందు సీటు కమ్మీని పట్టుకున్నాడు.

"ఏమైంది బావా?"

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తర్వాత, "ఈపులో ఎవురో గుడ్డ సింపినట్టు సింపేసినారు బావా," అన్నాడు మెల్లగా.

బస్సులో తలా ఒక మాట చెప్పారు. పరగడుపున వచ్చారు కదా, గ్యాసన్నారు. మలుపుల్లో కడుపు తిప్పుతుందన్నారు. ఒకావిడ నిమ్మకాయ వాసన చూడమని ఇచ్చింది. అందరివీ మంచి మనసులే. పైన దిగేసరికి బావ చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పనసతొనలు అమ్ముతున్న కొట్టు పక్కన అరుగు మీద కూర్చోబెట్టాను. వీపులో రెక్కల మధ్య మొదలైన నొప్పి కిందికి జారి నడుములోకి వచ్చిందన్నాడు. ఎడమచెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. కుడిచెయ్యి మామూలుగానే ఉంది.

కాసేపటికి నొప్పి తగ్గింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. బావ ముఖం తుడుచుకుని, దర్శనం చేసుకునే పోదామన్నాడు. క్యూ కూడా చిన్నదే. నాకూ అదే సబబనిపించింది. కానీ లేచి నిలబడి రెండడుగులు వేసి మళ్లీ నా భుజం పట్టుకున్నాడు.

"ఎడంకాలు నాది కానట్టుంది. బావా, నాకు బయ్యమేత్తంది."

భయమన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఇక క్యూ వైపు చూడలేదు. దొరికిన కారులో కిందికి దింపాను.

కొండ కింద ఒక చిన్న ఆసుపత్రి కనిపిస్తే అక్కడే ఆపించాను. ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నారు. గ్యాస్ ఇంజక్షన్ ఇవ్వబోతుండగా డాక్టరమ్మ వచ్చింది. నొప్పి మెల్లగా పెరిగిందా, ఒక్కసారే వచ్చిందా అని అడిగింది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి జరిగిందో వేలితో చూపించమంది. రెండు మణికట్లూ పట్టుకుని చూసింది. రెండు చేతులకూ బీపీ కొలిచింది. ఎడమచేతికి బాగా తక్కువుంది. ఆమె గొంతు మారలేదు గానీ, వెంటనే అంబులెన్సు పిలిపించి, పెద్దాసుపత్రికి తనే ఫోన్ చేసింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగి ఉండొచ్చనీ, దారిలో ఎక్కడా ఆగొద్దనీ నాకు విడిగా చెప్పింది.

స్కాన్‌లో అదే తేలింది. బావను ఆపరేషన్‌కు తీసుకెళ్లే వేళకు నా ఫోనందుకుని పోలమ్మక్క వచ్చింది. ఆయన పాదాలు రెండూ ఒకసారి పట్టుకుని వదిలింది. సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి, ప్రాణం నిలిచిందని చెప్పాకే గోడకానుకుని ఏడ్చింది.

నేను రెండు వారాలు ఉండిపోయాను. బావ మాట్లాడగలిగాక మొదట అడిగింది బోటు గురించే. పోలమ్మక్క మేనల్లుడు వేటకు తీసుకెళ్లాడని చెప్పాం. ఇక సముద్రం మీదికి వెళ్లకూడదనీ, బరువులెత్తకూడదనీ డాక్టరు అన్నరోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మరి నానేటి సెయ్యాలి?" అన్నాడు.

పోలమ్మక్క కంచంలో ఇడ్లీ తుంపుతూ, "బతుకు. ముందు ఆ పని సెయ్యి," అంది.

రోగుల బంధువులు కూర్చునే హాల్లో రమణమ్మ అనే ఆవిడ పరిచయమైంది. భర్త స్టీల్ ప్లాంటులో పనిచేస్తాడు. ఆయనకూ ఇదే జబ్బు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేస్తుంటే ఛాతీలో కత్తి దిగినట్టయి, మెడలోకి, దవడలోకి పాకిందట. కళ్లు తిరిగి కూలబడ్డాడట. కాసేపటికి తగ్గింది, పడుకుంటానన్నాడు. లేచేసరికి గొంతు బొంగురుపోయింది, ఒక కాలు కదల్లేదు. తీసుకొచ్చేసరికి ఆలస్యమైంది. మేముండగానే పోయాడు.

వెళ్లిపోయేముందు ఆవిడ పోలమ్మక్క దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "తగ్గిందన్నాడు కదాని పడుకోబెట్టేనమ్మా. పిల్లలు అల్లరి సేత్తే తలుపేసేను," అంది. అక్క ఆవిణ్ణి దగ్గరకు తీసుకుంది.

తిరుగు రైల్లో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. అనకాపల్లి దాటింది, ఎలమంచిలి దాటింది. ఏదీ సరిగ్గా చూడలేదు. అప్పన్న దర్శనానికి వెళ్లేవారికి బస్సుల సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఆరోగ్యంగా తిరిగే మనిషికి ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు ఒక్కసారిగా నొప్పి వస్తే, అది చోటు మారినా, పూర్తిగా తగ్గినా, ఆసుపత్రికి తీసుకెళ్లండి. తగ్గిందన్న మాటను నమ్మకండి.

ఆ మాట రమణమ్మకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అలసిన భర్త కాస్త నిద్రపోవాలని చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది. నేనైనా అదే చేసేవాణ్ణి.