గుంత తవ్విన మనిషి

దౌల్తాబాద్ వెళ్లే దారిలో మూతపడిన రంగుల ఫ్యాక్టరీ ఒకటుంది. దాని చుట్టూ మట్టి నమూనాలు తీస్తున్నప్పుడు నాకు దారి చూపినవాడు అందులోనే పనిచేసి మానేసిన పెద్దాయన. తవ్విన ప్రతిచోటా చిటికెడు మట్టి తీసి వాసన చూసేవాడు.

"వద్దు కాకా, విషముంటది," అని నేను కోప్పడితే, "ఇన్నేండ్లు గీ గాలే పీల్చిన బిడ్డా," అని నవ్వేవాడు.

మూడో రోజు పటంలో గుర్తుపెట్టిన చోట్లన్నీ అయిపోయాయి. సామాను సర్దుతుంటే ఆయన నన్ను ఆపి, గోడ అవతలి మొక్కజొన్న చేను చూపించాడు. అది ఆయనదే.

"గాడ గూడ తవ్వు. ఫ్యాక్టరోళ్లు నౌకరి పర్మినెంట్ చేస్తమంటె, రంగు వ్యర్థాల డ్రమ్ములు పూడ్వనీకి నేనే జాగ ఇచ్చిన. గుంత గూడ నేనే తవ్విన."

"తెలిస్తే నీ భూమి ఎవరూ కొనరు కాకా."

"చేను కిందికి బోరున్నది. వాడకట్టోళ్లందరు గా నీళ్లే తాగుతున్రు."

నడుములోతు తవ్వేసరికి ఊదారంగు మట్టి వచ్చింది.

పరీక్షల తర్వాత ఆ బోరు మూసేశారు. రిపోర్టులో నేను ఆయన పేరు రాయలేదు. పంచాయతీ ఆఫీసు ముందు ఊరివాళ్లకు దాన్ని చదివి వినిపిస్తుంటే, "ఎవడు పూడ్చిండు?" అని ఒకామె అరిచింది.

ఆయన లేచి, "నేనే," అన్నాడు.

పక్కన కూర్చున్న సొంత తమ్ముడు దూరంగా జరిగాడు. నేను చదవడం ముగించేదాకా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు.