కుర్చీల్లో దయ్యాలు

అత్తగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆవిడకి కుర్చీల్లో దయ్యాలు కనబడేవి. పొద్దున్నే ముఖమైనా కడుక్కోకుండా ఇంట్లో ఉన్న ఆరు కుర్చీలనూ వేలి కణుపులతో టకటకా కొట్టి, చెవి ఆనించి, "ఎవరమ్మా లోపల?" అని పలకరించేది. ఆవిడ పోయి మూడు వారాలైంది. ఇప్పుడు ఆ వేళకి ఇల్లంతా చెవులు రిక్కించుకుని ఉన్నట్టుంటుంది. కుర్చీలు మాత్రం పలకవు.

మనిషి చూస్తే చీపురుపుల్ల. కోడలు నూట పద్దెనిమిది కిలోలు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే వీధిలో పది అంకె వెళుతున్నట్టుండేది.

ఎవరింటికి వెళ్లినా అదే తంతు. టక్ టక్. చెవి ఆనించడం. ఊపిరి బిగబట్టడం. ఆపైన ఆవిడ కళ్లు మెల్లగా తేలిపోయేవి.

"ఇందులో ఒకావిడ ఉంది. జుట్టు విరబోసుకుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని. అమ్మాయ్, నువ్విక్కడ కూర్చోకు."

"పట్టపగలు దయ్యమేమిటి వదినా?" అనేది ఇంటావిడ.

"పగలు కాబట్టే నిద్రపోతోంది. లేపకు."

ఇంటావిడ ఒళ్లు జలదరించేది. లోపల్నుంచి గట్టి చెక్కబల్ల పరుగున వచ్చేది. కోడలికి తల కొట్టేసినట్టయ్యేది.

బరువు తగ్గే ఆపరేషన్ గురించి అడగడానికి వెళ్లినప్పుడూ వదల్లేదు. ఆస్పత్రి వరండాలో కుర్చీలన్నీ వరసగా కొట్టుకుంటూ వెళ్లి నాలుగో దాని దగ్గర ఆగింది.

"ఇక్కడెవరో చల్లగా ఉన్నారు."

వరస వరసంతా లేచి నిలబడింది, కాపలా మనిషితో సహా. డాక్టరు గదిలో రోగుల కుర్చీని కొట్టి, "ఈయన లేవనంటున్నాడు" అంది. డాక్టరు తన కుర్చీ కోడలికిచ్చి తాను నిలబడ్డాడు.

"ఆపరేషన్ ఎందుకు కావాలమ్మా?"

"నలుగురిలో కూర్చోవాలంటే సిగ్గేస్తోందండీ."

"సిగ్గుకి నేను కత్తి పట్టను. పొట్ట చిన్నదైపోతుంది. ఇక జన్మంతా కొంచెం కొంచెమే తినాలి, మాత్రలు మానకూడదు. నిద్రలో ఊపిరి ఆగుతోందా?"

"లేదండీ."

"ఆగుతోంది," అంది అత్తగారు గోడకేసి చూస్తూ. "ఆగినప్పుడల్లా గోడకి ఇవతల నేను లేచి కూర్చుంటాను. మళ్లీ మొదలయ్యాకే పడుకుంటాను."

ఆలోచించుకోమని డాక్టరు నెల గడువిచ్చాడు. ఆ వారంలోనే అత్తగారు నిద్రలో వెళ్లిపోయింది.

గడువు రేపటితో తీరుతుందనగా, ఎటూ తేల్చుకోలేక కోడలు ఇల్లు కడగడానికి పూనుకుంది. కుర్చీలు బోర్లించింది. రెండింటి అడుగున సుద్దతో గీసిన అడ్డగీతలు! సరిగ్గా ఇంట్లో అత్తగారు తనని కూర్చోనివ్వని ఆ రెండు దయ్యాల కుర్చీలకే. భయంభయంగా ఒక కాలు పట్టుకుని కదిపింది. అది ఊడి చేతిలోకి వచ్చింది.

"ఏవండీ! అత్తయ్యకి ఈ దయ్యాలు ఎప్పట్నుంచి?"

మొగుడు బుర్ర గోక్కున్నాడు. "మన పెళ్లైన కొత్తలో బాబాయి ఇంట్లో కుర్చీ విరిగి పడ్డావు చూడు, అందరూ నవ్వారు... ఆ మర్నాటి నుంచే."

"మరి ఆ కొట్టి వినడం?"

"మా నాన్న వడ్రంగి కదే. కర్రలో సత్తువుందో లేదో అలాగే చూసేవాడు."

కోడలు నేల మీద చతికిలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. పన్నెండేళ్లుగా వీధి వీధంతా హడలి చచ్చింది గాని, ఒక్కరూ తనని చూసి నవ్వలేదు.

ఆస్పత్రికి ఫోను చేసింది.

"ఆపరేషన్‌కి వస్తాను. కాగితంలో సిగ్గని రాసుకున్నారు కదా, అది కొట్టేసి ఊపిరి అని రాయండి."

కుర్చీలన్నీ తళతళలాడేలా తుడిచింది. అడుగున ఉన్న సుద్దగీతల మీద మాత్రం తడిగుడ్డ పడనివ్వలేదు.